సియెనా ప్రయాణం, పాలియో పందెం: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ ఇటలీలోని సియెనా నగరం గురించి. గుర్రప్పందెం, తిండి, వైన్, ఏదైనా అడగండి. చెప్పడానికి మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ గుంటూరు నుంచి. హలో, చెప్పండి.

కాలర్ (గుంటూరు): హలో... వినిపిస్తోందా? నమస్తే అమ్మా. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉంటాడండి, మూడేళ్లయింది. ఈసారి జులైలో రమ్మంటున్నాడు. అక్కడి నుంచి ఇటలీ తీసుకెళ్తాడట. ముందు వెనిస్ అన్నాడు, కాదు రోమ్ అన్నాడు, ఇప్పుడేమో సియెనా అంటున్నాడు...

వ్యాఖ్యాత: ప్రశ్న అడగండి సార్.

కాలర్ (గుంటూరు): అదేనండి, వస్తున్నా. అక్కడ పందెం మైదానం మధ్యలో నిలబడితే టికెట్టే లేదట కదా? నేను, మా ఆవిడ, నాలుగేళ్ల మనవరాలు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మధ్యలో నిలబడి చూసేస్తే సరిపోతుంది కదమ్మా?

నిపుణురాలు: టికెట్టు లేని మాట నిజమే. కానీ మీ ముగ్గురూ మధ్యలోకి వెళ్లొద్దండి. ఎందుకో చెప్తాను. పాలియో ఏడాదికి రెండుసార్లు, జులై 2న, ఆగస్టు 16న జరుగుతుంది. పియాజ్జా దెల్ కాంపో అని గవ్వ ఆకారంలో ఏటవాలుగా ఉండే చౌరస్తా ఉంటుంది. దాని చుట్టూ మట్టి పోసి బాట చేస్తారు. గుర్రాలు మూడు చుట్లు తిరుగుతాయి. అంతా కలిపి నిమిషంన్నర కూడా పట్టదు. ఆ నిమిషంన్నర కోసం మధ్యలో వాళ్లు గంటల తరబడి నిలబడాలి. మంచి చోటు కావాలంటే మధ్యాహ్నం మూడు, నాలుగింటికే లోపల ఉండాలి. పందెం ఏడు, ఏడున్నర ప్రాంతంలో. నీడ లేదు, మరుగుదొడ్లు లేవు. కింద ఇటుక నేల, పైన జులై ఎండ. ఒకసారి గేటు మూశాక బయటికి రాలేరు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

కాలర్ (గుంటూరు): అంటే పాపకి బాత్రూమ్ అంటే...

నిపుణురాలు: రాలేరండి. బాటకి రెండు పక్కలా జనం, ఊరేగింపు నడుస్తూ ఉంటుంది. పైగా పిల్లల బండ్లు, మడత కుర్చీలు, గాజు సీసాలు లోపలికి రానివ్వరు. అమ్మగారు కూర్చోవడానికి నేల తప్ప ఇంకేం లేదు.

కాలర్ (గుంటూరు): మరి ఏడున్నర అంటే ఏడున్నరకి మొదలెట్టేస్తారు కదా?

నిపుణురాలు: అదీ చెప్పలేం. ఇది ఊళ్లోని పేటల మధ్య పోటీ, ఒక్కో గుర్రం ఒక్కో పేటది. బయల్దేరే చోట రెండు తాళ్ల మధ్య తొమ్మిది గుర్రాలు లాటరీలో వచ్చిన వరసలో నిలబడాలి. పదోది వెనక ఉంటుంది. అది పరుగెత్తుకుంటూ లోపలికి వస్తేనే తాడు పడుతుంది. ఆ పదో జాకీ తన పేటకి పడని పేట గుర్రం సరిగ్గా నిలబడని క్షణం కోసం చూస్తాడు. ముందున్నవాళ్లు తోసుకుంటారు, వరస చెడుతుంది, బయటికి పంపి మళ్లీ పిలుస్తారు. పది నిమిషాల్లో అయిపోవచ్చు, గంట దాటొచ్చు. వాన పడి బాట జారుడైతే నగర భవనం కిటికీలో ఆకుపచ్చ జెండా పెడతారు. అంటే పందెం మర్నాటికి. అందుకే 3వ తేదీ పొద్దున్నే విమానం పెట్టుకోవద్దు.

కాలర్ (గుంటూరు): అయ్యో. మరి చూడకుండా రావడమేనా అమ్మా? అంత దూరం వెళ్లి...

నిపుణురాలు: లేదండి, మీలాంటివాళ్లకి అంతకంటే మంచి దారి ఉంది. జూన్ 29న ఏ పేటకి ఏ గుర్రమో చీటీ తీస్తారు. ఆ సాయంత్రం నుంచి 2వ తేదీ పొద్దుటి దాకా ఆరు రిహార్సల్ పరుగులు, వాటిని ప్రోవా అంటారు. అదే బాట, అవే గుర్రాలు, అవే జాకీలు. పొద్దున తొమ్మిదింటి ప్రాంతంలో ఒకటి, సాయంత్రం ఏడు దాటాక ఒకటి. పొద్దుటిదానికి వెళ్లండి. ఎండ తక్కువ, జనం తక్కువ, అయిపోగానే బయటపడొచ్చు. పేటల వాళ్లు తమ గుర్రం వెనకే పాటలు పాడుకుంటూ నడిచొస్తారు, పాపకి అది నచ్చుతుంది. ఇక పందెం రోజు మధ్యాహ్నం ఊరేగింపు కాంపోకి చేరక ముందు డుయోమో చర్చి ముందర ఆగుతుంది. ప్రతి పేట కుర్రాళ్లిద్దరు జెండాలు ఎగరేసి పట్టుకుంటారు. అక్కడ చూసి, గదికి పోయి పందెం టీవీలో చూడండి. ఊళ్లో చాలామంది ముసలివాళ్లు అలాగే చూస్తారు.

కాలర్ (గుంటూరు): బాగుందమ్మా. అయితే మధ్యలో కాస్త ఆలస్యంగా, ఆరింటికి వెళ్తే?

నిపుణురాలు: సార్, అప్పటికి చాలా దారులు మూసేస్తారు. ఉన్న ఒక్క దారిలో తోపులాట. ఆలస్యంగా వెళ్లినా గేటు మూశాక బయటికి రాలేరు. చిన్నపాపతో వద్దు.

కాలర్ (గుంటూరు): సరే సరే. బాల్కనీలో సీట్లు ఉంటాయటగా?

నిపుణురాలు: ఉంటాయి. ఇళ్లవాళ్లు కిటికీలు, దుకాణాలవాళ్లు తమ ముందు కట్టిన చెక్క మెట్లు అమ్ముతారు. మనిషికి వందల యూరోలు, నెలల ముందే అయిపోతాయి. చెక్క మెట్లు నిటారుగా, వీపుకి ఆనుడు లేకుండా ఉంటాయి, మోకాళ్లవాళ్లకి కష్టం. కిటికీ దొరికితే లిఫ్టు ఉందా, ఎన్ని మెట్లు ఎక్కాలి అని అడిగాకే డబ్బు కట్టండి.

వ్యాఖ్యాత: థాంక్యూ సార్. ఖమ్మం నుంచి, చెప్పండి.

కాలర్ (ఖమ్మం): వీసా ఎప్పుడు అప్లై చేసుకోవాలి మేడమ్?

నిపుణురాలు: ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరి గడువు పదిహేను రోజుల ముందు. ఆఖరి దాకా ఆగకండి. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఎక్కువ రోజులు ఉండే దేశానికే అప్లికేషన్ వెళ్లాలి, అది కూడా చూసుకోండి.

వ్యాఖ్యాత: తర్వాత డాలస్ నుంచి మన తెలుగువారు.

కాలర్ (డాలస్): హాయ్ అండి. ఫ్లోరెన్స్‌లో కారు తీసుకుని సియెనా వెళ్దామనుకుంటున్నాం.

నిపుణురాలు: సియెనా ఒక్కదానికే అయితే కారు వద్దు. ఫ్లోరెన్స్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు గంటంపావుకి అటూ ఇటూగా పాత ఊరి అంచుకే దింపుతుంది. రైలుకి గంటన్నర, కొన్ని బళ్లకి ఎంపోలీలో మారాలి. స్టేషన్ కొండ కింద ఉంటుంది. ఎదురుగా ఉన్న షాపింగ్ మాల్‌లోంచి ఎస్కలేటర్లు వరసగా పైకి తీసుకెళ్తాయి. కాగితం టికెట్టైతే ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ మెషీన్‌లో స్టాంపు కొట్టించండి, మర్చిపోతే జరిమానా.

కాలర్ (డాలస్): కియాంతి పల్లెలు కూడా తిరగాలని...

నిపుణురాలు: ద్రాక్షతోటల ప్రాంతం కదా, దానికైతే కారు మంచిది. అయితే అమెరికా లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా కావాలి, ఇండియా లైసెన్సుకీ అంతే. పాత ఊళ్లోకి మాత్రం పోనివ్వకండి. తెల్ల గుండ్రం, ఎర్ర అంచు ఉన్న బోర్డు కనపడితే అది జెడ్‌టీఎల్, అనుమతి లేని బళ్లు రాకూడని ప్రాంతం. కెమెరా నంబరు తీసేస్తుంది. ఎవరూ ఆపరు, ఏం జరిగిందో కూడా తెలీదు, ఇంటికెళ్లాక నెలల తర్వాత నోటీసు వస్తుంది. అద్దె కంపెనీ తన ఫీజు వేరే వసూలు చేస్తుంది. హోటల్ లోపలుంటే కారు నంబరు వాళ్లకి ముందే పంపి, నమోదు చేశామని జవాబు వచ్చాకే వెళ్లండి. లేదంటే సాంతా కాతెరీనా పార్కింగ్‌లో పెట్టండి, అక్కడి నుంచి డుయోమో వైపు ఎస్కలేటర్ ఉంది.

వ్యాఖ్యాత: రాజమండ్రి.

కాలర్ (రాజమండ్రి): నమస్తే అండి. మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. పచ్చళ్లు పట్టుకెళ్లాల్సిందేనా?

నిపుణురాలు: పచ్చడి కాస్త పెట్టుకోండమ్మా, అక్కడి రొట్టెలో ఉప్పు ఉండదు. కానీ సియెనా మీకు బాగానే కలిసొస్తుంది. అక్కడి పాస్తా పేరు పీచి. చేత్తో పాముతూ పొడుగ్గా, లావుగా చేస్తారు. పిండి, నీళ్లు, కొద్దిగా ఆలివ్ నూనె, అంతే. గుడ్డు వేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి "సెన్‌త్సా ఉఓవా" అనండి, గుడ్డు లేకుండా అని. పీచి అల్లాలియోనె అడగండి. టమాటా, పెద్ద రెబ్బల వెల్లుల్లి, మన నోటికి దగ్గరగా ఉంటుంది. రొట్టె పొడి వేసింది కూడా ఉంటుంది, అందులో కొన్నిచోట్ల చిన్న చేపలు కలుపుతారు, అడిగే తినండి. రాగూ అని రాసి ఉంటే మాంసమే. రిబొల్లీతా అనే రొట్టె, చిక్కుడు గింజల సూప్ మంచిదే, నీళ్లతో చేశారా మాంసం ఉడికించిన నీళ్లతోనా కనుక్కోండి.

కాలర్ (రాజమండ్రి): జున్ను తినొచ్చా?

నిపుణురాలు: పెకొరీనో గొర్రెపాల జున్ను. పాలు విరగడానికి వాడే రెనెట్ మామూలుగా జంతువు కడుపులోంచి తీసింది. పట్టింపు ఉంటే మానేయండి. తీపికి పాన్‌ఫోర్తె తినండి. బాదం, తేనె, పంచదార పాకంలో నానిన పళ్ల ముక్కలు, దాల్చినచెక్క, కొత్తిమీర గింజలు. గుడ్డు ఉండదు. రిచ్చారెల్లి, కాంతుచ్చి వద్దు, రెండింట్లో గుడ్డు ఉంటుంది. రాత్రి భోజనం ఏడున్నరకి ముందు దొరకడం కష్టం, పిల్లలుంటే ఏదైనా దగ్గర పెట్టుకోండి.

వ్యాఖ్యాత: మళ్లీ గుంటూరు సారే లైన్లో ఉన్నారు.

కాలర్ (గుంటూరు): ఒక్కటే అమ్మా. మా అబ్బాయి ఫోన్ చేశాడు, పాపని భుజాల మీద ఎక్కించుకుంటాడట. అయితే మధ్యలోకి...

నిపుణురాలు: బాబుని ఒక్కణ్ణీ వెళ్లమనండి సార్. టోపీ, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, లోపలికి వెళ్లే ముందు బాత్రూమ్. మీరు ముగ్గురూ పొద్దుటి ప్రోవా చూడండి. గేటు మూశాక...

కాలర్ (గుంటూరు): బయటికి రాలేరు. సరేనమ్మా, ఇంక అడగను.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్, విశాఖ. త్వరగా చెప్పండి.

కాలర్ (విశాఖ): వైన్ ఏది తెచ్చుకోవాలి, ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?

నిపుణురాలు: సీసా మెడ మీద నల్ల కోడిపుంజు గుర్తు ఉంటే కియాంతి క్లాసికో, కనీసం 80 శాతం సాంజొవేజె ద్రాక్ష. ఉత్త కియాంతి అని ఉంటే అది వేరే వైన్. బ్రునెల్లో ది మొంతాల్చీనో పూర్తిగా సాంజొవేజె, కోత అయిన ఐదో ఏడు జనవరికి గానీ అమ్మకానికి రాదు, అందుకే ఖరీదు. తక్కువలో కావాలంటే అదే మొంతాల్చీనో ఊరి రోస్సో అనే ఎర్ర వైన్ తీసుకోండి. మన కస్టమ్స్‌లో మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. మూడోది తెస్తే 2.25 లీటర్లు అవుతుంది, పైదానికి సుంకం కట్టాలి. చెకిన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. తోటల దగ్గర రుచి చూడాలంటే ముందే బుక్ చేసుకోండి, బండి నడిపే మనిషి మాత్రం తాగకూడదు...

వ్యాఖ్యాత: టైమ్ అయిపోయింది మేడమ్, ధన్యవాదాలు. ఫోన్ చేసిన అందరికీ నమస్కారం. ఇప్పుడు వార్తలు.