నాలుగు మీటర్ల సందులో రెండు కార్లు

(తెరపై: తెల్ల కాగితం మీద రెండు నిలువు గీతలు. మధ్య దూరం 4 మీటర్లు.)

ఇది ఒక సందు అనుకుందాం. టోక్యోలోని పాత నివాస ప్రాంతాల్లో ఇంతకన్నా ఇరుకైనవీ ఉన్నాయి. ఇందులోకి ఎదురెదురుగా రెండు టయోటా ఫార్చ్యూనర్లను పంపిద్దాం. ఒక్కోదాని వెడల్పు 1.855 మీటర్లు. రెండూ పక్కపక్కకు వచ్చేసరికి సందులో మిగిలేది 29 సెంటీమీటర్లు. పక్క అద్దాలను ఇంకా లెక్కలోకి తీసుకోనే లేదు.

(ఫార్చ్యూనర్లు చెరిగిపోతాయి. వాటి చోట పసుపు నెంబరు ప్లేట్లున్న రెండు చిన్న కార్లు.)

ఇప్పుడు మిగిలింది మీటరు పైనే. సందు మాత్రం అదే.

జపాన్‌లో వీటిని కేయి కార్లు అంటారు. కేయి అంటే తేలిక. 1949లో ఈ వర్గం మొదలైంది. ఇప్పటి నియమం ప్రకారం పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48, ఎత్తు 2, ఇంజను 660 సీసీ దాటకూడదు. ఆ కొలతల్లో ఇమిడిన సొంత కారుకు ఏటా కట్టే పన్ను 10,800 యెన్లు. ఒక లీటరు ఇంజనున్న మామూలు కారుకైతే 25,000.

పన్ను తక్కువని మాత్రమే కొంటున్నారా? నాకు అలా అనిపించదు. జపాన్ సంపన్న దేశమై దశాబ్దాలు గడిచినా, అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో దాదాపు మూడో వంతు ఇవే. లోపలికి తొంగి చూస్తే కారణం తెలుస్తుంది.

(తెరపై: కారు అడ్డుకోత బొమ్మ.)

పక్కలకు పెరగడానికి వీల్లేదు కాబట్టి ఇంజనీర్లు పైకి పెరిగారు. 1993లో సుజుకి వ్యాగన్ ఆర్ ఎత్తైన కప్పుతో వచ్చింది. కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటే కాళ్లకు తక్కువ పొడవు చాలు. 2011లో వచ్చిన హోండా ఎన్-బాక్స్‌లో చేసిన పని నాకు మరీ ఇష్టం. మామూలుగా వెనుక సీటు కింద ఉండే ఇంధన ట్యాంకును ముందు సీట్ల కిందికి జరిపారు. దాంతో వెనుక నేల బాగా కిందికి దిగింది. సీట్లు మడిస్తే సైకిలు లోపలికి వెళ్తుంది. వెనుక తలుపులు పక్కకు జారుతాయి కాబట్టి, గోడ పక్కన ఆపినా పిల్లలు సులువుగా దిగుతారు.

ఒక లోటు మాత్రం దాచకూడదు. తేలిక బండి బరువైన బండిని ఢీకొంటే వేగంలో పెద్ద మార్పు తేలిక బండికే, దెబ్బ ఎక్కువగా అందులోని వారికే. చుట్టూ కార్లు పెద్దవవుతున్న కొద్దీ చిన్న కారులో ఉన్నవారి ప్రమాదం పెరుగుతుంది. అది వారి తప్పు కాదు.

(తెరపై: తెల్లని మారుతి 800.)

ఈ వంశంలోని బండి మన ఇళ్లకూ వచ్చింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు మూలం సుజుకి కేయి కారే. అప్పట్లో జపాన్‌లో పరిమితి 550 సీసీ, మన బండికి 796 సీసీ ఇంజను పెట్టారు. అది మూడు దశాబ్దాలు నడిచింది.

మన దేశంలోనూ చిన్న కార్లకు పన్ను తక్కువే. 2006లో పెట్టిన హద్దులు రెండు: పొడవు 4 మీటర్లు, ఇంజను సామర్థ్యం. వెడల్పు ఊసే లేదు. అందుకే టాటా నెక్సాన్ పొడవు 4 మీటర్ల లోపే ఆగినా, వెడల్పు 1.8 మీటర్లు. పన్ను లెక్కలో అది చిన్న కారు. సందులో కాదు. పొడవుకు గీత గీసినవారు వెడల్పుకూ ఒకటి గీయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

(మళ్లీ మొదటి కాగితం. రెండు నెక్సాన్లు, మధ్య 40 సెంటీమీటర్లు. అవి చెరిగి రెండు కేయి కార్లు వస్తాయి. మిగిలిన మీటరులో ఒక చేయి, పక్కనే బడిసంచితో నడుస్తున్న పాపను గీస్తుంది.)