లీష్‌ను లాగే కుక్కకు ఓర్పుతో శిక్షణ: స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. మరో కుక్క కనబడగానే మొరుగుతూ లీష్‌ను లాగే కుక్కలకు, అతిథులు రాగానే మీదికి ఎగబాకే కుక్కలకు మెల్లమెల్లగా శిక్షణ ఇవ్వడం గురించి ఈ రోజు చర్చిద్దాం. ఒక శిక్షకురాలు, ఒక పశువైద్యుడు, ఒక పెంపకందారు మనతో ఉన్నారు. ముందుగా మీ ఇబ్బంది చెప్పండి.

పెంపకందారు: మా కుక్క ఇంట్లో చెప్పిన మాట వింటుంది. వీధి మలుపులో మరో కుక్క కనబడితే మాత్రం వెనక కాళ్ళ మీద లేచి, గొంతు బొంగురుపోయేదాకా మొరుగుతుంది. గదమాయించాను, లీష్ బిగబట్టి గుంజాను. నెల తిరిగేసరికి, అక్కడ ఏ కుక్కా లేకపోయినా ఆ మలుపు దగ్గరికి రాగానే మొరగడం మొదలుపెట్టింది.

పశువైద్యుడు: ఎదుటి కుక్కను చేరాలన్న ఆత్రానికి లీష్ అడ్డుపడినప్పుడు పుట్టే ఉక్రోషం మొరుగుడుగా బయటికి వస్తుంది. కొన్ని కుక్కలు భయంతోనూ అలాగే మొరుగుతాయి కనుక పైకి చూసి తేడా చెప్పడం కష్టం. తిండికి ముందు వినిపించే చప్పుడుకే కుక్కల నోట లాలాజలం ఊరుతుందని రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ చూపించారు. మీరు గుంజిన ప్రతిసారీ అదే సూత్రం ఎదురుతిరిగి పనిచేసింది: మలుపు కనబడితే మెడకు నొప్పి వస్తుందని కుక్క నేర్చుకుంది. అయితే ఉన్నట్టుండి స్వభావం మారిన కుక్కకు చెవిపోటో కీళ్ళనొప్పో ఉందేమో ముందు పరీక్షించాలి.

శిక్షకురాలు: అదే సూత్రాన్ని మనకు అనుకూలంగానూ తిప్పుకోవచ్చు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లవాడు ఇష్టమైన తిండి తింటుండగా కుందేలును దూరాన ఉంచి, క్రమంగా దగ్గరికి తెచ్చి ఆ భయాన్ని పోగొట్టిన తీరును ప్రచురించారు. కుక్కతోనూ అంతే. ఎదుటి కుక్కను చూసి కూడా మీవైపు తల తిప్పగలిగేటంత దూరంలో నిలబడండి; కొన్నిటికి అది యాభై మీటర్లు కావచ్చు. ఎదుటి కుక్క కనబడిన తరువాతే తాయిలం ఇవ్వాలి, అది కనుమరుగు కాగానే ఆపేయాలి. ఈ వరుస తప్పితే తాయిలం సంచి చూసినా కుక్క బెదురుతుంది.

సమన్వయకర్త: కుక్క ఓర్చుకోగల హద్దు దాటుతోందని తెలిసేదెలా?

శిక్షకురాలు: కుక్క నోటిని చూడండి. అప్పటిదాకా తెరిచి ఉన్న నోరు ఠక్కున మూసుకుంటుంది, చెవులు ముందుకు నిక్కుతాయి, ఒంటి బరువంతా ముందు కాళ్ళ మీదికి వస్తుంది. రోజూ మెత్తగా తాయిలం అందుకునే కుక్క పళ్ళు వేళ్ళకు తగిలేలా లాక్కుందంటే, మొరగకపోయినా సరే వెనక్కి నడవండి.

సమన్వయకర్త: మొరిగే కుక్కకు తాయిలం ఇస్తే మొరుగుడునే మెచ్చుకున్నట్టు కాదా?

శిక్షకురాలు: సరైన దూరంలో ఉంటే అసలు మొరగదు. మొరిగిందంటే మనం తొందరపడ్డామని అర్థం. అతిథుల మీదికి ఎగబాకడం వేరు; గెంతితే తమను పట్టించుకుంటారని కుక్కలు నేర్చుకున్నాయి. పట్టించుకోవడం మానితే మొదట్లో గంతులు మరింత పెరుగుతాయి, ఆ దశలో లొంగిపోతే మొండితనమే గట్టిపడుతుంది. అందుకే నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్న క్షణంలోనే పలకరించండి.

పశువైద్యుడు: కరెంటు షాకు ఇచ్చే కాలర్ల వంటి శిక్షలు వద్దని, మెచ్చుకుని నేర్పే పద్ధతులనే వాడాలని అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో స్పష్టంగా ప్రకటించింది. షాకుకు మొరుగుడు ఆగవచ్చు, కానీ లోపలి భయం అలాగే ఉండిపోతుంది. గుర్రుమనడం కూడా మానిన కుక్క హెచ్చరించకుండానే కరిచే ప్రమాదం ఉంది.

పెంపకందారు: రోజుకు అరగంట తీరిక దొరుకుతుంది. సరిపోతుందా?

శిక్షకురాలు: సాధనకు ఐదు నిమిషాలు చాలు, మిగతా సమయమంతా దాన్ని వాసన చూడనివ్వండి. దూరం తగ్గించిన రోజున ఎక్కువసేపు నిలబెట్టవద్దు. ఎక్కువసేపు నిలబెట్టదలచుకుంటే దూరం తగ్గించవద్దు. వరుసగా రెండుసార్లు తప్పితే ముందటి మెట్టుకు తిరిగి వెళ్ళండి. ఆ మలుపును మాత్రం కొన్ని వారాలు వదిలేయండి. మళ్ళీ వెళ్ళిన రోజున చాలా దూరంలోనే ఆగండి. అది తల దించి నేలను వాసన చూడసాగితే, అక్కడి నుంచే ఇంటికి మళ్ళించండి.