బెల్లుట్టి రెండు బంగారాలు

అందరికీ నమస్కారం.

ట్రాక్ సైక్లింగ్ ఛాంపియన్ గురించి మాట్లాడమన్నారు. నేను ఇటలీకి చెందిన ఆంటోనెల్లా బెల్లుట్టిని ఎంచుకున్నాను. ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న బోల్జానోలో 1968లో పుట్టింది. మొదట్లో ఆమె ఆట హర్డిల్స్. మోకాలు దెబ్బతినడంతో సైకిల్ వైపు వచ్చింది.

మన ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందాల ట్రాక్, చూసినవాళ్లకు తెలుసు, మలుపుల్లో ట్రాక్ ఎలా పైకి లేస్తుందో. ట్రాక్ సైకిలుకు బ్రేకులుండవు. చక్రం తిరిగినంతసేపూ కాళ్లూ తిరగాల్సిందే. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆమె గెలిచింది 3 కిలోమీటర్ల పర్‌స్యూట్. ఇద్దరే ఉంటారు, ట్రాక్‌కు చెరోవైపు నుంచి బయల్దేరతారు. పక్కన ఎవరూ ఉండరు, పోటీ అంతా గడియారంతోనే. చేతులు ముందుకు బారచాపి, దాదాపు పడుకుని తొక్కే ‘సూపర్‌మ్యాన్’ భంగిమ అప్పుడు కొత్త. గాలి అంతగా అడ్డుపడదు. బెల్లుట్టి అలాగే తొక్కింది. ఆ తర్వాత దాన్ని నిషేధించారు.

మరి గెలిచింది ఆమేనా, ఆ భంగిమా? ఈ అనుమానం నాకూ ఉండేది. సిడ్నీ దాన్ని తీర్చేసింది.

2000లో అక్కడ ఆమె గెలిచింది పాయింట్స్ రేస్. ఇది పూర్తిగా వేరే ఆట. అందరూ గుంపుగా తొక్కుతారు, కొన్ని ల్యాప్‌లకోసారి స్ప్రింట్, ముందొచ్చిన నలుగురికి పాయింట్లు. ఎవరి వెనక దాక్కోవాలి, ఏ స్ప్రింట్ వదిలేయాలి, ఎవరి ఖాతాలో ఎన్ని ఉన్నాయి, ఇవన్నీ ఆయాసంలోనే లెక్కేసుకోవాలి. రెండో స్థానంలో ఎవరో తెలుసా? అదే ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు పట్టుకెళ్లిన డచ్ రైడర్ లియోంటిన్ వాన్ మోర్సెల్. నా దృష్టిలో ఈ పతకమే పెద్దది.

2002లో సాల్ట్ లేక్ సిటీ వింటర్ ఒలింపిక్స్‌లో మహిళల బాబ్‌స్లెడ్ (మంచు ట్రాక్ మీద జారే బండి పందెం) మొదలైతే, ఇటలీకే చెందిన గెర్డా వైసెన్‌స్టైనర్‌తో కలిసి అందులోనూ దిగింది. ఏడో స్థానం.

2021లో ఇటలీ ఒలింపిక్ కమిటీ అధ్యక్ష పదవికి పోటీ చేసింది. అంతకుముందు ఏ మహిళా ఆ పదవికి నిలబడలేదు. అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న మలాగోకు 55 ఓట్లు, సైక్లింగ్ సమాఖ్య మాజీ అధ్యక్షుడు రెనాటో డి రోక్కోకు 13 ఓట్లు. బెల్లుట్టికి ఒకే ఒక్క ఓటు.

ప్రశ్నలుంటే అడగండి, మైక్ అటు పంపిస్తాను.