చిట్టి అని పేరు పెట్టిన పోతు

(జులై 6న విజయవాడలో ఒక కాలనీ పార్కులో ఏర్పాటైన ఉచిత రేబిస్ టీకా శిబిరంలో ఒక విశ్రాంత జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం)

అధ్యక్షులు గారికి, డాక్టరు గారికి, కాలనీ పెద్దలకు నమస్కారం. ఎండెక్కకముందే కుక్కల్ని పట్టుకుని వచ్చి క్యూ కట్టిన పిల్లలకు ఇంకో నమస్కారం. నాకు పది నిమిషాలిచ్చారు. జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి చెప్పమన్నారు. చెబుతాను, కానీ కాస్త చుట్టు తిరిగి వస్తాను.

ఈ తారీఖు ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. 1885 జులై 6న లూయీ పాశ్చర్ పారిస్‌లో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. మొత్తం 13 సూదులు. కుక్క కరిచిన ఆ పిల్లాడు బతికాడు. మరి ఆ టీకా దేంతో చేశారు? రేబిస్ ఎక్కించిన కుందేళ్ల వెన్నుపాముని ఎండబెట్టి చేశారు. అంటే ఇవాళ్టి మన పండక్కి ప్రాణాలిచ్చింది కుందేళ్లు. నేను వచ్చినప్పటి నుంచి లెక్కపెడుతున్నా. ఇరవై మూడు కుక్కలు, నాలుగు పిల్లులు. కుందేలు ఊసే లేదు. అధ్యక్షులు గారు ఏమీ అనుకోకూడదు, నేను మాట్లాడేది కుందేళ్ల గురించే.

కుందేళ్లు పెంచుతున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ముగ్గురు. సరే. ఆడదని చెప్పి అమ్మితే తర్వాత మగదని తేలినవాళ్లు? ఇద్దరు. చూశారా.

మూడేళ్ల కిందట మా మనవరాలి పుట్టినరోజుకి సంతలో రెండు పిల్లల్ని కొన్నాం. నెలన్నర వయసు. "రెండూ ఆడవేనమ్మా, పోట్లాడుకోవు" అన్నాడు అమ్మినతను. చిట్టి, బుజ్జి అని పేర్లు పెట్టుకున్నాం. ఇక్కడ నా సిగ్గు నేను చెప్పుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్లు డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని. ఏటా రంగు సుద్దముక్కలతో కుందేలు ప్రత్యుత్పత్తి వ్యవస్థ బొమ్మ బోర్డు మీద వేసేదాన్ని. పెద్దయ్యాక కూడా కుందేలుకి గజ్జల దగ్గర దారి మూసుకోదు, వృషణాల్ని పొట్టలోకి లాక్కోగలదు, అందుకే చూసి ఆడదని పొరబడతారు అని నోట్సు రాయించినదాన్ని. సంతలో ఒక్కదాన్ని కూడా తిరగేసి చూడలేదు. చూసినా నెలన్నర పిల్లలో తేల్చుకోవడం కష్టమే అనుకోండి, అవి కిందికి దిగడానికి పది పన్నెండు వారాలు పడుతుంది. అతను అబద్ధమాడాడో, అతనికీ తెలీదో. నాకు తెలిసి ఉండాలి కదా!

నాలుగో నెల వచ్చింది. చిట్టి మా కాళ్ల చుట్టూ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. గొంతులోంచి సన్నగా గుర్రు గుర్రుమనేది. మేం ముచ్చటపడి వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాం. కుర్చీ కాళ్లు, చెప్పులు, మా వారి పంచాంగం, దేన్నీ వదలకుండా గడ్డం ఆనించి రుద్దేది. అదీ ముద్దుగానే ఉంది. ఆ తర్వాత గది మూలల్లో మిరియాలు చల్లినట్టు లద్దెలు. అప్పటిదాకా బుద్ధిగా ట్రేలో వేసినదే!

ఇక పంచె సంగతి. మా వారు మేనల్లుడి పెళ్లికి ఇస్త్రీ పంచె కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆటో వచ్చేసింది. చిట్టి రెండు చుట్లు తిరిగి, గాల్లోకి ఎగిరి నడుము తిప్పింది. మోకాలి దగ్గర్నుంచి అంచు దాకా నారింజ రంగు చార! ఆయన నెత్తురనుకుని హడలిపోయారు. తిన్న ఆకుని బట్టి కుందేలు ఉచ్చ పసుపు నుంచి ఎర్రమట్టి రంగు దాకా మారుతుంది, అది జబ్బు కాదు. ఆ కంపు మాత్రం... మేకపోతు పక్కన నిలబడ్డవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

మగ కుందేలు జత కోరినప్పుడు ఆడదాని మీద ఇలాగే చిమ్ముతుంది. పోటీకొచ్చిన మగదాని మీదా చిమ్ముతుంది. మా వారిని ఏమనుకుందో ఇప్పటికీ తేలలేదు. ఆయన్ని అడిగితే కోప్పడతారు.

నవ్వండి, పర్లేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. మన ఊళ్లలో ఆబోతుకీ ఎద్దుకీ తేడా తెలియనివాళ్లు ఉన్నారా? విత్తులు కొట్టని ఆబోతు రంకెలేస్తే "అబ్బ, దీనికెంత పొగరు" అని ఎవరైనా బడితె పుచ్చుకుని బుద్ధి చెబుతారా? కుందేలు దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో. ఆస్ట్రేలియాలో రోమన్ మికిటోవిచ్ అనే ఆయన 1960లలో కుందేళ్ల వాసన గ్రంథుల మీద చాలా పని చేశాడు. గుంపులో పెత్తనం చేసే మగదానికి గడ్డం కింద గ్రంథి పెద్దగా ఉంటుందని, అదే ఎక్కువసార్లు గడ్డం రుద్దుతుందని చూపించాడు. ఆ వాసన మన ముక్కుకి అందదు. ఇది నా ఇల్లు, ఇది నా గుమ్మం అని అది రాసుకునే దస్తావేజు అనుకోండి. ఉచ్చ, లద్దెలు కూడా అంతే. ఒంట్లో మగ హార్మోను పొంగుతుంటే అది చేసే పని అది చేస్తుంది. మొండితనం కాదు, పగ కాదు.

ఇదంతా నాకు పుస్తకంలో తెలుసు. ఇంట్లో మాత్రం పేపరు చుట్టి చిట్టిని కొట్టాం. మా వారే కాదు, నేనూ కొట్టాను. కొట్టినకొద్దీ చిమ్మడం పెరిగింది, మా చెయ్యి కనబడితే కరవడం కూడా నేర్చుకుంది. తీసుకెళ్లి బాల్కనీలో పెట్టాం. అప్పటికే ఆలస్యమైంది. నెల తిరక్కుండానే బుజ్జి తన పొట్ట మీది బొచ్చు పీక్కుని గూడు కట్టింది, ఐదు పిల్లల్ని పెట్టింది. కుందేలుకి చూలు 31 రోజులే. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఇంట్లో "అది" అని పిలిచే చిట్టి ఆ రోజు నుంచి "వాడు" అయ్యాడు.

ఆపరేషన్ చేయిద్దామనుకున్నాం. మంచి నిర్ణయమే, ఇప్పటికీ అదే అంటాను. మేం వెళ్లిన క్లినిక్ పేరు చెప్పను. "రాత్రి ఎనిమిది నుంచి ఏమీ పెట్టకండి, ఖాళీ కడుపుతో తీసుకురండి" అన్నారు. కుక్కకి అలాగే చెబుతారు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. అమ్మా, బాబూ, కుందేలు వాంతి చేసుకోలేదు! దానికా శక్తే లేదు. దాని పేగులు రోజంతా కదులుతూనే ఉండాలి, ఆగాయంటే ప్రాణం మీదికొస్తుంది. ఈ ముక్క కూడా నా నోట్సులో ఉంది. ఫోను చేసి "కుందేలుకి కూడా పస్తేనా అండీ?" అని అడగొచ్చు. డాక్టరు కంటే నాకెక్కువ తెలుసా అనుకుని ఊరుకున్నాను. ఆ రాత్రి చిట్టి గడ్డి బుట్ట కోసం తలుపు గోకుతుంటే నేనే బుట్ట తీసి అటక మీద పెట్టాను.

ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రం ఇంటికి తెచ్చాం. మూలన ముడుచుకుని పళ్లు నూరుతూ కూర్చున్నాడు. తినలేదు. లద్దె పడలేదు. ఫోను చేస్తే "మత్తు దిగలేదు, రేపు తింటుంది" అన్నారు. మర్నాడూ తినలేదు. మూడో రోజు తెల్లవారుజామున పోయాడు. మా మనవరాలికి ఏం చెప్పానో ఇక్కడ చెప్పలేను.

కుందేలు కడుపు ఖాళీగా ఉంచకూడదు. ఇంకోసారి చెబుతున్నాను, వెనక కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు కూడా వినండి. కుందేలు కడుపు ఖాళీగా ఉంచకూడదు. సగం రోజు తినకపోయినా, లద్దె పడకపోయినా రేపు చూద్దామనుకోకండి, అప్పుడే పరిగెత్తండి.

డాక్టరు గారు వాచీ చూసుకుంటున్నారు. ఇంకో రెండు నిమిషాలండీ.

బుజ్జి పిల్లల్లో ఒక మగది ఉంది. తెల్లగా, నుదుటి మీద నల్ల చార. పంతులు అని పేరు. దానికీ ఐదో నెలలో చిమ్మడం మొదలైంది. ఈసారి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, నేనే ముందు అడిగాను: కుందేళ్లకి ఎన్ని ఆపరేషన్లు చేశారు, పస్తు ఉంచాలా, నొప్పి మందు ఎన్ని రోజులు? ఆవిడ విసుక్కోలేదు. "అది రోజూ తినే గడ్డి మీరే తెచ్చుకోండి, లేవగానే పెడదాం" అన్నారు. పంతులు మూడు గంటలకే గడ్డి నమిలాడు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆపరేషన్ అయిన రోజే అన్నీ మానేస్తాడనుకోకండి. హార్మోను దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ వాడి వల్ల చూలు కూడా నిలవొచ్చు, కాబట్టి ఆడవాటితో కలపకూడదు. మా పంతులు ఆరో వారానికి చిమ్మడం మానేశాడు. పంచాంగానికి గడ్డం రుద్దడం మాత్రం మానలేదు. మా వారు ఇప్పుడు దాన్ని వాడికే వదిలేశారు. వాసన పట్టిన చోట వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవండి.

ఏమైనా చెయ్యండి గానీ, కంపు కొడుతోందని పార్కుల్లో, కాలవ గట్ల మీద మాత్రం వదిలేయకండి. పొలాల్లో తిరిగే చెవులపిల్లి వేరు, మన ఇంటి కుందేలు వేరు. కిందటేడు ఈ పార్కులోనే ఆ బెంచీ కింద ఒకటి దొరికింది, వీధి కుక్కలు చుట్టుముట్టి ఉన్నాయి. అది కూడా మగదే.

ఇందాక చెయ్యెత్తిన బాబూ, పచ్చ చొక్కా, నువ్వే. నీ కుందేలుకి ఎన్ని నెలలు? ఐదా? చిమ్ముతోందా? అమ్మ కొడుతోందా? కొట్టొద్దని చెప్పు, నేను చెప్పానని చెప్పు. రెండోసారి అడిగినప్పుడు చెయ్యెత్తని పాపా, నీది ఆడదేనని ఎవరన్నారు, అమ్మినవాళ్లేనా? ఇద్దరూ సాయంత్రం మా ఇంటికి తీసుకురండి, నీళ్ల ట్యాంకు పక్క సందులో రెండో ఇల్లు. తిరగేసి చూద్దాం. వచ్చేటప్పుడు గడ్డి తెచ్చుకోండి.