చదువు ఉచితం, పరీక్ష ఖరీదు

దృశ్యం: సాయంత్రపు వెలుగులో రుషికొండ ఐటీ భవనాలు. కింద రోడ్డు మీద బస్సు కోసం నిలబడిన ఉద్యోగులు.

వ్యాఖ్యానం: కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022-23లో దేశ ఆర్థిక వ్యవస్థలో డిజిటల్ రంగం వాటా 11.74 శాతం కాగా, అందులో పనిచేసేవారు మొత్తం శ్రామికుల్లో 2.55 శాతమే. రాబడి ఎక్కువగా, మనుషులు తక్కువగా ఉన్న ఈ రంగంలో అడుగుపెట్టాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు.

విశాఖలో భారీ డేటా కేంద్రం (వేల కంప్యూటర్ సర్వర్లు ఉంచే చోటు) నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించగానే నగరంలో కొలువుల లెక్కలు మొదలయ్యాయి. అయితే కట్టడం పూర్తయ్యాక అటువంటి చోట నిత్యం కావలసింది విద్యుత్తు, శీతలీకరణ, నెట్‌వర్క్ పనులు క్షుణ్ణంగా తెలిసిన పరిమిత సంఖ్యలోని సిబ్బందే. కంచరపాలెంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివిన యువకుడికి ఈ వార్తలో పనికొచ్చే భాగం ఇదే.

దృశ్యం: ఫోన్ తెరపై పాఠం, పక్కన నోటు పుస్తకంలో సగం గీసిన సర్క్యూట్.

వ్యాఖ్యానం: ఇలాంటి నైపుణ్యాలు నేర్చుకోవడానికి ఒక దారి ఆన్‌లైన్ పాఠాలు. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కోర్సుల కార్యక్రమం ఎన్‌పీటెల్ పాఠాలను, 2017లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం' ద్వారా ఎవరైనా ఉచితంగా వినవచ్చు. అయితే వినడం వేరు, విన్నట్టు రుజువు చేసుకోవడం వేరు. పన్నెండు వారాల కోర్సులో వారం వారం అసైన్‌మెంటు గడువులోగా సమర్పించాలి. వాటిలో ఉత్తమమైన ఎనిమిదింటి సగటుకు 25 మార్కులు, రుసుము కట్టి కేంద్రానికి వెళ్లి పర్యవేక్షణలో రాసే పరీక్షకు 75. గుర్తింపు కార్డు చూపి, ఫోను బయట పెట్టి రాసే ఆ పరీక్షే సర్టిఫికెట్టుకు విలువ తెచ్చిపెడుతోంది. నా దృష్టిలో, ఇంట్లో కూర్చుని క్విజ్ నొక్కితే చేతికొచ్చే సర్టిఫికెట్లు ఎన్ని పోగేసినా దీనికి సాటిరావు.

2021 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివి, ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవచ్చు. కళాశాల ఒప్పుకోవాలి, సమన్వయం చేసే అధ్యాపకుడు పట్టించుకోవాలి. ఈ రెండూ కుదిరిన చోటే విద్యార్థులు పరీక్ష దాకా నిలుస్తారు. కళాశాల విడిచి షిఫ్టుల్లో పనిచేస్తున్నవారికి ఆ తోడు లేదు.

భాష మరో అడ్డంకి. కొన్ని కోర్సుల అనువాదాలు తెలుగులో దొరుకుతున్నా, సాంకేతిక కోర్సుల్లో పరీక్ష సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. కాబట్టి తెలుగులో పాఠం అర్థం చేసుకుని, అదే వారం అసైన్‌మెంటును ఇంగ్లీషులో చేసే అలవాటు తొలి వారం నుంచే అవసరం.