రెండు పక్కలా సింహాలే

శ్రోతలకు నమస్కారం.

పోయిన నెల తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మే ఒక పెద్దావిడకు చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను. ఆమె అందులోంచి ఒక రూపాయి బిళ్ళను ఏరి, తిరిగి నా అరచేతిలోనే పెట్టి, "ఇదేంది సామీ, రెండు పక్కలా సింహాలే ఉండాయి, బొరుసు యాడికి పోయింది?" అని అడిగింది. చిత్తూరు నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఇచ్చిన చిల్లరతోపాటు అది నా జేబులో చేరి ఉండాలి. నాణేలు సేకరిస్తానని నలుగురిలో చెప్పుకునే నేను దానిని చూడనే లేదు. మల్లెపూలు కట్టే ఆమె వేళ్ళు చూశాయి.

ఆ నాణేనికి ఒక పక్క మామూలుగానే సింహాలు పైకి ఉబికి ఉన్నాయి. రెండో పక్క కూడా సింహాలే, కాని అవి లోపలికి గుంట పడి, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి ఉన్నాయి. 'భారత్' అనే హిందీ అక్షరాలు సైతం వెనుక నుంచి ముందుకు చదవవలసినట్టు ఉన్నాయి. అంకె లేదు, సంవత్సరం లేదు. అది రూపాయి అని కూడా దాని మీద ఎక్కడా లేదు. సైజును బట్టి నేను తీసుకున్నాను, సైజును బట్టే ఇచ్చాను.

టంకశాలలో నాణెం తయారయ్యే పద్ధతి తెలిస్తే ఈ వింత వెంటనే విడిపోతుంది. గీతా గుర్తూ లేని నున్నని లోహపు బిళ్ళ రెండు ఉక్కు అచ్చుల మధ్యకు వస్తుంది. ఆ రెండూ ఒక్కసారిగా నొక్కితే ఒక పక్క బొమ్మ, మరో పక్క బొరుసు పడతాయి. యంత్రం నిమిషానికి వందల నాణేలను ఇలా ముద్రించి బయటికి నెడుతుంది. ఒక్కోసారి ముద్ర పడిన నాణెం బయటికి పోకుండా బొరుసు అచ్చుకే అంటుకుపోతుంది. తరువాత వచ్చిన కొత్త బిళ్ళకు ఒక వైపు సింహాల అచ్చు సరిగానే తగులుతుంది, రెండో వైపు మాత్రం బొరుసు అచ్చుకు బదులు, దానిని కప్పేసిన నాణెం మీది సింహాలు తగులుతాయి. మెత్తని మట్టిలో రూపాయి బిళ్ళను అదిమితే పడే గుంటే ఇక్కడ ఆ కొత్త బిళ్ళ మీద పడిందన్నమాట. మన దేశంలో సేకరించేవారు దీనిని 'లఖీ' అంటారు. అంటుకున్న నాణెం దెబ్బ దెబ్బకూ సాగుతుంది కనుక, మొదటి బిళ్ళ మీద స్పష్టంగా ఉన్న బొమ్మ ఆ తరువాతి వాటి మీద వెడల్పవుతుంది. నా దాని మీద సింహాల ముఖాలు కాస్త సాగి ఉన్నాయి. బహుశా అది రెండోదో మూడోదో అయి ఉంటుంది.

సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే ఆ నాణెం మన హైదరాబాదు టంకశాలది, వజ్రం గుర్తుంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. నా నాణేనికి సంవత్సరమున్న పక్కే లేదు. పుట్టిన ఏడు తెలియదు, పుట్టిన ఊరు తెలియదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

చంద్రగిరి కోటలో విజయనగర రాజులు కొలువుదీరిన కాలంలో నాణేలను చేత్తో, సుత్తితో కొట్టేవారు. బొమ్మ కాస్త పక్కకు జరిగినా ఎవరూ దానిని వింతగా చూసేవారు కారు. అన్నీ ఒక్కలాగే ఉండాలని యంత్రం పట్టుబట్టిన తరువాతే ఇలాంటివి తప్పులయ్యాయని నేననుకుంటాను.

ఇలాంటిది మీ చిల్లరలో దొరికితే ఒక్కటి చూడండి: గుంట పడిన పక్కన అంకె గాని, సంవత్సరం గాని లీలగానైనా మిగిలి ఉందా? మళ్ళీ చెబుతున్నాను, రెండో పక్క అసలు ముద్ర మిగిలి ఉందా? మామూలు రూపాయి మీద మరో రూపాయిని పెట్టి, వైసు అనే ఇనుప పనిముట్టులో బిగించి నొక్కి, లఖీ అని అమ్మేవారున్నారు. అలా చేసినదానిలో పాత ముద్ర చదునై, నలిగి, ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. నిజమైన లఖీలో ఆ ముద్ర ఎన్నడూ పడలేదు కనుక నలగడానికి ఏమీ ఉండదు. చింతపండుతో గాని, బూడిదతో గాని తోమవద్దు. మెరుపు వస్తుందేమో గాని, సేకరించేవారి దృష్టిలో దాని విలువ పోతుంది. లక్షలిచ్చి కొంటాము, ముందు రుసుము కట్టండి అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. పాత నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదని, వాటికి ఎలాంటి రుసుమూ తాము అడగబోమని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.

ఆ పెద్దావిడకు వేరే రూపాయి ఇచ్చి, నాణేన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. నిన్న మళ్ళీ పూలకు వెళితే, మూర కొలుస్తూ తలెత్తకుండానే అడిగింది: "ఆ సింహాల బిళ్ళ ఉందా సామీ, యాడన్నా మార్చేసినావా?"

ఉందని చెప్పాను. ఈసారి నేనిచ్చిన చిల్లరను ఆమె రెండు వైపులా తిప్పి చూసి మరీ సంచిలో వేసుకుంది.