రోజుకి ఎన్నిసార్లు 'యెస్' నొక్కాలి? విండోస్ అనుమతి పెట్టె రివ్యూ

అందరికీ నమస్కారం అండి. శ్రీకాకుళం నుంచి మళ్ళీ వచ్చాను. ఈసారి రివ్యూ కొత్త ల్యాప్‌టాప్‌ది కాదు, ఫోన్‌ది కాదు. మీ కంప్యూటర్లో ఇప్పటికే ఉన్నదాని గురించి. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరవగానే స్క్రీన్ మసకబారి, మధ్యలో ఒక పెట్టె వచ్చి "ఈ యాప్ మార్పులు చేస్తానంటోంది, ఒప్పుకుంటారా?" అని అడుగుతుంది చూడండి, అదే. పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్. పొట్టిగా యూఏసీ.

ఈ వీడియోకి కారణం మా మావయ్య. పలాసలో ఆయనకి జీడిపప్పు కొట్టుంది. పొద్దున్నే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఈ పెట్టె. మధ్యలో మూసి తెరిస్తే మళ్ళీ పెట్టె. "ఏటల్లుడూ, కొట్టు నాది, కంప్యూటర్ నాది. రోజూ నన్నే అడుగుతాదేటి?" అని ఫోన్ చేసేవాడు. కొన్నాళ్ళకి ఫోన్లు ఆగిపోయాయి. చదవకుండానే యెస్ నొక్కడం అలవాటైపోయింది. దసరా గిరాకీ రోజుల్లో పీడీఎఫ్ మార్చుకోడానికి నెట్‌లోంచి ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ దింపాడు. పెట్టె వచ్చింది, నొక్కేశాడు. ఇంకేముంది, బ్రౌజర్ నిండా ప్రకటనలే. నేను ఆమదాలవలసలో రైలెక్కి వెళ్ళి, ఒక పూటంతా కూర్చుని శుభ్రం చేశాను.

మావయ్యని ఒక్క మాట అనబుద్ధి కాలేదండి. తప్పు ఆయనది కాదు.

ఈ పెట్టె 2007లో విండోస్ విస్టాతో మన ఇళ్ళకొచ్చింది. అంతకుముందున్న విండోస్ ఎక్స్‌పీలో దాదాపు అందరం అడ్మిన్ అకౌంట్లోనే ఉండేవాళ్ళం. మనం తెరిచిన ప్రతి ప్రోగ్రామ్‌కీ మొత్తం కంప్యూటర్ మీద పెత్తనం దొరికేది, వైరస్‌కి కూడా. విస్టా ఆ పెత్తనాన్ని పక్కన పెట్టి, కావలసినప్పుడు అడగమంది. ఆలోచన మంచిదే. స్క్రీన్ మసకబారడం కూడా ఊరికే కాదు. ఆ కాసేపు వేరే ప్రోగ్రామ్ ఏదీ మన బదులు యెస్ నొక్కలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మరి ఇంత విసుగెందుకు? 2008లో ఆర్‌ఎస్‌ఏ అనే కంప్యూటర్ భద్రతా సమావేశంలో మైక్రోసాఫ్ట్ మేనేజర్ డేవిడ్ క్రాస్ దాచకుండా చెప్పాడు, జనానికి విసుగు పుట్టించడానికే పెట్టామని. జనం విసుక్కుంటే సాఫ్ట్‌వేర్ కంపెనీలు అవసరం లేకున్నా అడ్మిన్ పెత్తనం అడిగే పద్ధతి మార్చుకుంటాయని ఆ లెక్క. చాలా కంపెనీలు మార్చుకున్నాయి కూడా. మావయ్య వాడే బిల్లింగ్ కంపెనీ మాత్రం ఇప్పటికీ మారలేదు. ఆ భారం ఇన్నేళ్ళుగా కొట్లో కూర్చున్న మనిషి మీదే పడుతోంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

రెండో లోపం, ఇది అడిగే తీరు. మార్పులంటుంది గానీ ఏం మార్పులో చెప్పదు. మనం తుఫాన్లు చూసినవాళ్ళం కదా. రేవులో ఎగరేసే హెచ్చరికకి నంబరుంటుంది. 1 అంటే ఎక్కడో దూరంగా వాయుగుండం, 10 అంటే పెనుప్రమాదం. 2018 అక్టోబరులో తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది. నంబరు తెలిస్తే బస్తాలు ఎత్తున పెట్టుకోవాలో, ఊరే ఖాళీ చెయ్యాలో తెలుస్తుంది. ఈ పెట్టెలో బిల్లింగ్ తెరిచినా, దొంగ సాఫ్ట్‌వేర్ వచ్చినా అదే ప్రశ్న. ఉన్న తేడా ఒక్కటే. తయారీదారు ఎవరో తేలనప్పుడు పసుపు పట్టీ వస్తుంది, పేరుండాల్సిన చోట 'అన్‌నోన్' అని ఉంటుంది. అది కూడా చిన్న అక్షరాల్లో.

2009లో విండోస్ 7 ఈ పెట్టె ఎప్పుడెప్పుడు రావాలో మనమే జరుపుకునేలా నాలుగు మెట్ల స్లైడర్ ఇచ్చింది. విండోస్ సొంత సెట్టింగులు మార్చేటప్పుడు అడగడం చాలావరకు తగ్గించింది. యూట్యూబ్‌లో చాలామంది ఆ స్లైడర్‌ని అట్టడుగుకి, అంటే పెట్టె అసలు రాకుండా, లాగెయ్యమంటారు. దయచేసి లాగకండి. ఎక్స్‌పీ రోజులకి వెళ్ళిపోయినట్టే.

మావయ్య కంప్యూటర్లో నేను చేసింది చెప్తాను. ఆ సాఫ్ట్‌వేర్ తన లెక్కల ఫైళ్ళని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లోనే రాసుకుంటోంది. అక్కడ రాయాలంటే అడ్మిన్ కావాలి, అందుకని ఎప్పుడూ అడ్మిన్‌గానే తెరుచుకునేలా షార్ట్‌కట్‌లో టిక్ పెట్టి ఇచ్చారు. ఆ లెక్కల ఫోల్డర్ ఒక్కదానికే మామూలు యూజర్ రాసుకునే అనుమతి ఇచ్చి, ఆ టిక్ తీసేశాను. పొద్దుటి పెట్టె పోయింది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అడ్మిన్ కావాలనే ఈ పట్టు లోపలే ఉంటుంది, అప్పుడు కంపెనీయే మార్చాలి. ఫోన్ చేసి గట్టిగా అడగండి. తర్వాత మావయ్యకి రోజువారీ పనికి మామూలు అకౌంట్ పెట్టాను. ఇప్పుడు పెట్టె వస్తే యెస్ ఒక్కటీ సరిపోదు, అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి.

మార్కులా? కాపలాకి 5కి 4. అడిగే పద్ధతికి 5కి 2, అంతకన్నా ఇవ్వలేను.

మొన్న మావయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. "అల్లుడూ, పసుప్పచ్చగా వచ్చింది. పేరు లేదు. నొక్కలేదు, నిన్నడుగుదామని ఆగినాను."

"నో నొక్కెయ్ మావయ్యా" అన్నాను.